కొండ వాలులో ఇంటి మురుగునీళ్లకు కంకర మడి కట్టడం ఎలా?

కొండ ఊళ్లో ఇంకుడు గుంత తవ్వితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మూడడుగులు తవ్వగానే బండ తగులుతుంది. మన బోకులు కడిగిన నీళ్లు ఆ బండ మీదుగా జారి కింది ఇంటివాళ్ల పెరట్లో తేలతాయి. ఆ తర్వాత తగాదా. భాకరాపేట దాటి తలకోన వైపు ఇలాంటివి చాలానే చూశాను. అందుకే వాలులో ఇల్లున్నవాళ్లకు నేను చెప్పేది కంకర మడే, అంటే కంకర నింపి మొక్కలు నాటిన తొట్టి. మురుగునీళ్లు అందులోంచి పారి శుభ్రపడి బయటికొస్తాయి. స్నానం, వంట, బట్టల నీళ్లు మాత్రమే ఇందులోకి రావాలి. మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు వేరే ఉండాల్సిందే.

అయిదుగురున్న ఇంటికి 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు తొట్టి సరిపోతుంది. ఇటుకతో కట్టి లోపల సిమెంటు పూయండి. టార్పాలిన్ పరిస్తే చవకే, కానీ పందికొక్కు ఒక్కటి చాలు దాని పని పట్టడానికి. తొట్టికి ముందు జిడ్డు, మెతుకులు ఆగేలా మూతున్న చిన్న గుంత కట్టండి. చివర అడుగున మూడంగుళాల పీవీసీ పైపు పెట్టి, బయట ఇంకో చిన్న గుంతలోకి తీయండి.

అందరూ చెడగొట్టేది లెవెల్ దగ్గరే.

తొట్టి పొడవు వాలు వెంబడి కిందికి పోకూడదు. చేనులో సాలు వాలుకు అడ్డంగా దున్నినట్టే ఇదీ అడ్డంగా ఉండాలి. మా పెరట్లో మొదటిసారి కట్టినప్పుడు మేస్త్రి 'కన్నే లెవెల్ సార్' అన్నాడు, నేనూ తలూపాను. కొండ మీద కన్ను మోసం చేస్తుంది. చుట్టూ అంతా వాలే కాబట్టి సమంగా ఉన్నది ఎదురెత్తుగా కనిపిస్తుంది. నెల తిరక్కముందే పై కొసన మొక్కలు ఎండాయి, కింది కొసన నీళ్లు కంకర పైకి వచ్చి దోమలు ముసిరాయి. మొత్తం తవ్వి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

లెవెల్ చూడటానికి నీళ్ల ట్యూబు, అంటే నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టం వాడండి. ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకోండి. నీళ్లు ఒకే ఎత్తులో నిలవకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టు. ట్యూబు విదిలించి దాన్ని తీసేయండి. కొలిచేటప్పుడు రెండు కొసల మీదా బొటనవేలు ఉండకూడదు. ఒకవైపు మూసినా ట్యూబు అబద్ధం చెబుతుంది. తొట్టి అడుగు మాత్రం నీళ్లు బయటికి పోయే వైపు ఒక అంగుళం దిగాలి. పైన కంకర సమంగా ఉండాలి.

బయటి గుంతలో ఆ పీవీసీ పైపుకు ఎల్బో (పైపును మలుపు తిప్పే వంపు ముక్క) వేసి, దానికి నిలువు ముక్క పెట్టండి. నిలువు ముక్క పై అంచు కంకర కంటే రెండంగుళాలు కింద ఉండాలి. తొట్టిలో నీటి మట్టాన్ని నిలిపేది అదే. ఎల్బోకు జిగురు పూయకండి. ప్లంబరు పూస్తానంటాడు, డబ్బా లాక్కోండి. ఎల్బోను తిప్పి నిలువు ముక్కను పక్కకు వంచితే మట్టం దిగుతుంది. కంకర పైన తడి కనిపించినప్పుడు ఇదే కాపాడుతుంది.

రెండు కొసల్లో ఒక్కో అడుగు మేర 40 ఎం.ఎం. కంకర, మధ్యలో 20 ఎం.ఎం. మొత్తం రెండడుగుల మందం. క్రషర్ నుంచి తెచ్చింది తెచ్చినట్టు పోస్తే దుమ్ము అడుగున సున్నంలా పేరుకుంటుంది. గంపలో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

మొక్కంటే మెట్టతామరే, అదీ ఎర్రపూలది. జమ్ము కూడా పనిచేస్తుందంటారు, కానీ పెరడు చెరువుగట్టులా తయారవుతుంది. అడుగున్నరకొక దుంప నాటండి. అక్టోబరు, నవంబరు వానలు రాకముందే తొట్టికి పైవైపు కాలవ తవ్వండి, లేకపోతే కొండమట్టి అంతా కంకరలో చేరుతుంది. బయటికొచ్చే నీళ్లు అరటికి, కొబ్బరికి పెట్టండి. ఆకుకూరలకు వద్దు.

జిడ్డు గుంతను పదిహేను రోజులకోసారి ఖాళీ చేయాలి. ఆ పని ఎవరిదో తొట్టి కట్టకముందే ఇంట్లో తేల్చుకోండి.