రెయినియర్ మీద పూలు చూడాలంటే: ప్యారడైజ్‌లో ఒక వేసవి రోజు

అమెరికాలో సియాటిల్‌కి దగ్గర్లో ఉన్న మౌంట్ రెయినియర్ అనే మంచుకొండ మీద పూలు చూడాలంటే అన్నిటికన్నా ముందు తేదీ కుదరాలి. పిల్లలకు సెలవులిచ్చారు కదా అని జూన్‌లో ఆ కొండ మీది ప్యారడైజ్ అనే చోటికి వెళ్తే అక్కడ ఇంకా మంచు మేటలు వేసి ఉంటుంది. ఏడాదికి సగటున 640 అంగుళాల మంచు కురిసే చోటు అది. 1971-72లో అయితే 1,122 అంగుళాలు పడింది. అదంతా కరిగి నేల కనిపించేసరికి జులై సగం దాటుతుంది. జులై ఆఖరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా అసలైన పూల కాలం. ఒక్క తేదీ చెప్పమంటే, ఆగస్టు మొదటి వారంలో మంగళవారమో బుధవారమో ఆఫీసుకి సెలవు పెట్టమంటాను.

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ప్యారడైజ్‌కి ఎలాగూ తీసుకెళ్తారు. కానీ విజిటర్ సెంటర్ ముందు ఫొటోలు దిగి, తెచ్చుకున్నది తిని, మధ్యాహ్నానికే కారెక్కేవాళ్లే ఎక్కువ. అంత దూరం వెళ్లి, వెనకున్న ఆ మెట్లు ఎక్కకుండా తిరిగొచ్చేస్తున్నారే అని నాకు బాధగా ఉంటుంది. ఇంట్లో అందరూ ఎంతో కొంత నడవగలిగే దారులు అక్కడ ఉన్నాయి. ఎవరు ఎంత దూరం వెళ్లాలన్నది ముందే అనుకుంటే చాలు.

మేం సియాటిల్ పక్కనున్న బోథెల్ నుంచి తెల్లవారుజామున అయిదింటికల్లా బయల్దేరుతాం. ట్రాఫిక్ లేకపోతే యాష్‌ఫర్డ్ మీదుగా నేషనల్ పార్క్ నిస్క్వాలీ గేటు దాటి పైకి చేరడానికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది. వారాంతాల్లో పదింటికల్లా పార్కింగ్ నిండిపోతుంది, ఆ తర్వాత వెళ్తే లైన్లోనే పొద్దు గడిచిపోతుంది. పార్క్ లోపల పెట్రోల్ దొరకదు కాబట్టి ముందే ట్యాంక్ నింపుకోండి. గేటు దగ్గర ఫీజు కార్డుతోనే కట్టాలి, నగదు తీసుకోరు. కొన్ని వేసవుల్లో ముందుగా టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది, 2024లో ప్యారడైజ్ దారికీ ఆ నియమం ఉండేది. అందుకని మీరు వెళ్లే ఏడాది నిబంధనలు పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వెబ్‌క్యామ్‌లు కూడా అక్కడే ఉంటాయి. ఇంటి దగ్గర మబ్బుగా ఉందని ప్రయాణం మానుకోకండి. చాలాసార్లు ఆ మబ్బు కిందే ఆగిపోతుంది, 5,400 అడుగుల ఎత్తున్న ప్యారడైజ్‌లో ఎండ కాస్తూ ఉంటుంది. దారిలో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

తిండి విషయానికొస్తే, పైకి పులిహోర, చపాతీ రోల్స్ బాగుంటాయి. పెరుగన్నం కూలర్‌లో పెట్టి కారులో ఉంచండి, దిగి వచ్చాక తినొచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. సెలయేటి నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగకూడదు. సన్‌స్క్రీన్, టోపీ, కూలింగ్ గ్లాసులు తప్పనిసరి, ఎండ మంచు మీద పడి మళ్లీ మొహానికే కొడుతుంది. దోమల మందు మరచిపోవద్దు. పైన గాలి చల్లగా ఉంటుంది, అందరికీ ఒక జాకెట్ పెట్టండి. పెద్దవాళ్లు బీపీ, షుగర్ మాత్రలు కారులో వదిలేయకుండా వెంట ఉంచుకోవాలి.

నడవగలిగినవాళ్లకి స్కైలైన్ ట్రెయిల్. మొత్తం లూప్ అయిదున్నర మైళ్లు, ఎక్కాల్సింది 1,700 అడుగులు. ఆగుతూ, తింటూ వెళ్తే అయిదు గంటలు అనుకోండి. విజిటర్ సెంటర్ దగ్గరి రాతి మెట్ల నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే వెళ్లండి. ఇలా వెళ్తే ఎక్కుడంతా పొద్దున చల్లటివేళ అయిపోతుంది, దిగేటప్పుడు మోకాళ్లకి అంత భారం ఉండదు. మొదటి మైలు రొప్పిస్తుంది. ఎత్తు వల్ల అది మామూలే, వేగం తగ్గించండి. గ్లేసియర్ విస్టా దగ్గర కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే ఎదురుగా నిస్క్వాలీ గ్లేసియర్‌లో, అంటే మంచునదిలో, మంచుగడ్డలు విరిగిపడే చప్పుడు ఒక్కోసారి వినిపిస్తుంది. ఆ పైన 6,800 అడుగుల మీద పనోరమా పాయింట్. తెరిపిగా ఉన్న రోజున దక్షిణాన టాటూష్ కొండల వెనక మౌంట్ ఆడమ్స్, 1980లో పేలిన అగ్నిపర్వతం సెయింట్ హెలెన్స్, ఇంకా దూరంగా ఆరెగాన్‌లోని మౌంట్ హుడ్ కనిపిస్తాయి. భోజనానికి ఇదే సరైన చోటు.

పనోరమా దాటాక హై స్కైలైన్ అన్న బోర్డు పట్టుకుని పై దారినే వెళ్లండి. కింది దారిలో ఏటవాలు మంచు ఆగస్టులో కూడా ఉంటుంది, జారితే ఆపేదేమీ ఉండదు. పై దారిలోనూ అక్కడక్కడా మంచు దాటాలి, చేతికర్రలు బాగా పనికొస్తాయి. అలాంటి చోట అడుగు పెట్టగానే మా అమ్మ, "పైన ఎండ మండిపోతోంది, కాళ్ల కింద ఈ మంచేమిటే!" అంది. వాగు మీద వంతెనలా కప్పుకున్న మంచు మీద మాత్రం కాలు పెట్టొద్దు. కింద నీళ్లు పారుతూ అది లోపల డొల్లగా ఉంటుంది.

దిగేటప్పుడు ఓపిక తగ్గితే గోల్డెన్ గేట్ ట్రెయిల్ మీదుగా రండి, మైలుకు పైగా దూరం తగ్గుతుంది. ఓపిక ఉన్నా ఆ దారే మంచిదనిపిస్తుంది నాకు. మెలికలు తిరుగుతూ దిగే ఆ దారికి రెండు పక్కలా లూపిన్ ఊదారంగులో, పెయింట్‌బ్రష్ ఎరుపులో, బిస్టార్ట్ తెల్లగా కలగలిసి పూస్తాయి. పొద్దున్నే అయితే లూపిన్ దగ్గర వంగి చూడండి. విచ్చుకున్న ఆకు రెక్కలన్నీ కలిసే మధ్యలో ఒక్క నీటిబొట్టు నిలిచి ఉంటుంది. మంచు కరిగీ కరగకముందే పూసే వెస్టర్న్ ఎనిమోనీ ఆగస్టుకి గింజ కడుతుంది, కాడ మీద ఊలు ఉండ గుచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫొటో కోసం దారి దిగి పూల మధ్యలోకి వెళ్లకండి, పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఈ మొక్కలు పెరగడానికి దొరికేది ఏడాదిలో రెండు మూడు నెలలే. కాలి కింద నలిగిన చోటు మళ్లీ పచ్చబడటానికి ఏళ్లు పడుతుంది. ఒకప్పుడు ఈ బయళ్లలోనే గుడారాలు వేసేవాళ్లు, 1930లలో గోల్ఫ్ కోర్సు కూడా ఉండేది. అలా దెబ్బతిన్న చోట్ల పార్క్ సిబ్బంది, వాలంటీర్లు నర్సరీలో పెంచిన మొక్కలు తెచ్చి చేత్తో నాటుతూ వస్తున్నారు. దారి మీద నిలబడే, కెమెరా కాస్త కిందికి దించి తీస్తే మనిషి పూల మధ్యలో ఉన్నట్టే వస్తుంది. డ్రోన్లు నిషేధం, కుక్కల్ని ట్రెయిల్ మీదికి రానివ్వరు. బండల మీద కూర్చుని ఈల వేసే, పెద్ద ఉడుతల్లాంటి మార్మట్లకి చపాతీ ముక్క కూడా పెట్టొద్దు. లూపిన్ లాంటి మొక్కలే వాటి భోజనం.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ప్యారడైజ్ ఇన్ హోటల్ వైపు నుంచి మిర్టిల్ ఫాల్స్‌కి తీసుకెళ్లండి. పేవ్‌మెంట్ దారి, రానూపోనూ మైలు లోపే. జలపాతం, దాని వెనకే మొత్తం కొండ ఒకే ఫొటోలో వస్తాయి. ఇంకాస్త నడవగలిగితే 1.2 మైళ్ల నిస్క్వాలీ విస్టా లూప్ ఉంది, అక్కడి నుంచీ గ్లేసియర్ కనిపిస్తుంది. అమ్మలు చీరలోనే నడవొచ్చు, కుచ్చిళ్లు కాస్త ఎత్తి కడితే చాలు. చెప్పులు మాత్రం వద్దు, గ్రిప్ ఉన్న బూట్లే వేయించండి. రెండు జట్లుగా విడిపోతే, ఫోన్లు పనిచేయవు కాబట్టి, ఫలానా టైముకి విజిటర్ సెంటర్‌లో కలుద్దామని ముందే చెప్పుకోండి.

తిరుగు ప్రయాణంలో నరాడా ఫాల్స్ దగ్గర ఆగొచ్చు. లాంగ్‌మైర్ దాకా మలుపుల దారే, లో గేర్‌లో నెమ్మదిగా దిగండి. సాయంత్రం పూట జింకలు రోడ్డు మీదికి వస్తుంటాయి.