చెరకు విత్తనం: తోట ఎంపిక నుంచి ముచ్చె నాటే దాకా

విశాఖపట్నం చుట్టుపక్కల చెరకు వేసే రైతులకు దగ్గర్లో ఉన్న పెద్ద ఆసరా అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం. 1913లో చెరకు మీద పరిశోధన కోసమే మొదలైంది. 87ఎ 298 (విశ్వామిత్ర), 93ఎ 145 (శారద) అక్కడ పుట్టిన రకాలే. అయితే ఎంత మంచి రకమైనా జబ్బు తోటలోంచి ముచ్చె (నాటడానికి కోసిన గడ ముక్క) తెస్తే పనికిరాదు. చెరకులో తెగుళ్లు ఎక్కువగా విత్తనంతోనే పొలంలోకి వస్తాయి.

పరిశోధనా స్థానంలో దొరికే మేలైన విత్తనం పొలమంతటికీ సరిపడేంత ఉండదు. కొద్దిగా తెచ్చుకుని మన దగ్గరే పెంచుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాటాలనుకుంటే జూన్, జులైలోనే పది సెంట్లలో విత్తనపు తోట వేయండి. నాటే వేళకు ఆరేడు నెలల వయసుకొస్తుంది. ముచ్చెకు అదే సరైన వయసు: కళ్లు (గణుపుల దగ్గర మొలకెత్తే మొగ్గలు) బలంగా ఉంటాయి, గడ నీరు నిండి ఉంటుంది. గానుగకు సిద్ధమైన ముదురు గడలో అడుగు కళ్లు గట్టిపడి ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా మొలుస్తాయి. ముదురు తోట నుంచే తీయక తప్పకపోతే పై మూడో వంతు మాత్రమే తీసుకోండి. కార్శి తోట (గడలు కొట్టాక మిగిలిన దుబ్బుల నుంచి మళ్లీ పెరిగిన పంట) నుంచి విత్తనం అసలు తీయొద్దు. మొదటి పంటలో బయటపడని జబ్బు కూడా అక్కడికి వచ్చేసరికి పేరుకుని ఉంటుంది.

గడలు కోసే ముందు తోటంతా నడిచి చూడాలి. చివరి మొవ్వులోంచి నల్లటి కొరడా లేచి ఉంటే కాటుక తెగులు. దుబ్బు నిండా సన్నని, తెల్లబారిన పిలకలుంటే గడ్డి దుబ్బు తెగులు. ఈ రెండూ బయటికి కనిపిస్తాయి. మోసం చేసేది ఎర్రకుళ్లు. పైనుంచి మూడో, నాలుగో ఆకు పసుపు తిరిగి ఎండుతున్న గడ కనబడితే కోసి, నిలువునా చీల్చండి. లోపల ఎర్రగా ఉండి, ఆ ఎరుపు మధ్య అడ్డంగా తెల్లని మచ్చలుండి, పులిసిన కల్లు వాసన వస్తే అది ఎర్రకుళ్లే. ఒక్క గడలో కనబడినా ఆ తోట మొత్తాన్ని విత్తనానికి వదిలేయాలి. ‘మిగతా గడలు బాగానే ఉన్నాయి కదా’ అని ఏరుకోవడం వల్లే ఈ తెగులు ఊళ్లు దాటుతోంది. ముచ్చె లోపలికి దిగిన శిలీంధ్రాన్ని మందు నీళ్లలో ముంచడం చంపలేదు. వేడి నీళ్లను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు.

కాటుక, గడ్డి దుబ్బు తెగుళ్లకు మాత్రం వేడి బాగా పనిచేస్తుంది. ముచ్చెలను 52 డిగ్రీల వేడి నీళ్లలో 30 నిమిషాలు ఉంచాలి, లేదా తేమ కలిసిన వేడి గాలి యంత్రంలో 54 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు ఉంచాలి. చేత్తో చూసి వేడిని అంచనా వేయకండి, థర్మామీటరు తప్పనిసరి. చల్లటి ముచ్చెలు వేయగానే నీటి వేడి పడిపోతుంది. మళ్లీ 52కి చేరాకే అరగంట లెక్క మొదలుపెట్టాలి. వేడి రెండు మూడు డిగ్రీలు పెరిగితే కళ్లు ఉడికి చచ్చిపోతాయి, తగ్గితే తెగులు బతికిపోతుంది. సరిగ్గా చేసినా మొలక కొంత తగ్గవచ్చు. అందుకే ఈ శ్రమ విత్తనపు తోట వరకు పెట్టుకుంటే చాలు, ప్రధాన పొలానికి అక్కర్లేదు.

గడలు తెచ్చేటప్పుడు ఆకు చెత్త తీయకుండా తేవాలి, దారిలో కళ్లకు దెబ్బ తగలదు. పొలం దగ్గర చెత్తను చేత్తోనే ఒలవండి. కత్తితో గీస్తే కళ్లు తెగుతాయి. మూడు కళ్ల ముచ్చెలు ఎకరాకు 16,000 కావాలి, బరువులో సుమారు 4 టన్నులు. కత్తి పదునుగా ఉండాలి, ఒక్క వేటుకు తెగాలి. చీలిన ముచ్చెలోకి నేలలోని శిలీంధ్రాలు సులువుగా దూరి కుళ్లబెడతాయి. కోసేటప్పుడు లోపల ఎరుపు కనబడిన గడను పక్కన పడేసి, కత్తిని శుభ్రం చేశాకే ఇంకో గడ ముట్టుకోండి; ఎరుపులో తెల్లని మచ్చలు, కల్లు వాసన కూడా ఉంటే అది ఎర్రకుళ్లే, ఆ తోట గడలన్నీ వదిలేయండి.

ఆపైన మందు. లీటరు నీటికి అర గ్రాము కార్బండజిమ్, అంటే 100 లీటర్ల డ్రమ్ముకు 50 గ్రాములు. ముచ్చెలు 15 నిమిషాలు పూర్తిగా మునిగి ఉండాలి. పైన తేలేవాటిని రాయి పెట్టి అదమండి. పొలుసు పురుగు (గడకు అంటుకుని రసం పీల్చేది) ఉన్న ప్రాంతమైతే ఇదే నీటిలో లీటరుకు 2 మి.లీ. మలాథియాన్ కలపాలి. నీళ్లు బురదగా మారితే పారబోసి కొత్తగా కలుపుకోండి, చెరువులోకో కాలువలోకో మాత్రం వదలొద్దు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మందులో ముంచినవి మిగిలిపోతే పశువులకు వేయకూడదు, గానుగలో పెట్టకూడదు. కోసిన ముచ్చెలు ఏ రోజువి ఆ రోజే నాటేయాలి.

పొలంలో నాటడానికి తీసిన కాలువలో కళ్లు రెండు పక్కలకు వచ్చేలా పడుకోబెట్టి, పలుచగా మట్టి కప్పండి. కన్ను అడుగుకు పడితే మొలక చుట్టూ తిరిగి పైకి రావాల్సి వస్తుంది, ఈలోగా బలం అయిపోతుంది. మూడో రోజు ఎకరాకు 1.25 టన్నుల చెరకు చెత్త పలుచగా పరిస్తే తేమ నిలుస్తుంది, పీక పురుగు (లేత పిలకలను తొలిచేది) తగ్గుతుంది. ఆ చెత్త జబ్బు తోటది కాకూడదు.

పెరిగే తోటలో అనుమానం వస్తే ఒక్క ఆకు తెంపుకుని పరిశోధనా స్థానానికి వెళ్తే లాభం లేదు. వేళ్లతో సహా దుబ్బు తవ్వి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి అదే రోజు తీసుకెళ్లండి. పాలిథిన్ సంచిలో పెడితే చెమర్చి వేరే బూజులు పట్టి, అసలు జబ్బు పోల్చుకోవడం కష్టమవుతుంది. రకం పేరు, నాటిన తేదీ, విత్తనం ఎక్కడిది, పొలంలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఎర్రకుళ్లని తేలితే సోకిన దుబ్బులను వేళ్లతో తీసి కాల్చేయాలి. ఆ మడిలోంచి పారే నీరు పక్క మడికి వెళ్లకుండా గట్టు వేయాలి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో ఈ తెగులు నీటితోనే పాకుతుంది. ఆ పొలంలో కార్శి ఉంచకుండా, వీలైతే వరి వేసి, తర్వాతే మళ్లీ చెరకుకు రండి. అప్పుడు తెగులును తట్టుకునే రకమే ఎంచుకోండి.