బేలర్‌లో సీటు వచ్చిందా? గది నుంచి కౌన్సెలింగ్ దాకా ఏది ఎవర్ని ఎలా అడగాలి

మన దగ్గర హాస్టల్ అంటే వార్డెన్, స్టడీ అవర్లు, రాత్రి హాజరు. పిల్లాడికి జ్వరమొస్తే వార్డెనే ఇంటికి ఫోన్ చేస్తాడు. అమెరికాలో అలా కాదు. సాయం చేయడానికి ఆఫీసులు బోలెడు ఉంటాయి, కానీ వాళ్లంతట వాళ్లు వచ్చి పలకరించడం తక్కువ. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత అక్కడ అక్షరాలా నిజం. అందుకే ఎవర్ని, ఎప్పుడు, ఎలా అడగాలో విమానం ఎక్కేలోపే తెలుసుకుంటే మంచిది.

బేలర్ యూనివర్సిటీ ఉన్నది టెక్సాస్‌లోని వేకోలో, డాలస్‌కీ ఆస్టిన్‌కీ నడుమ. 1845లో, టెక్సాస్ ఇంకా స్వతంత్ర రిపబ్లిక్‌గా ఉన్నప్పుడు బాప్టిస్టులు దాన్ని స్థాపించారు. బాప్టిస్టు అన్న మాట ఒంగోలు, నెల్లూరు వాళ్లకి కొత్తేమీ కాదు. అయితే అక్కడికి వచ్చిన మిషనరీలు అమెరికా ఉత్తరాది బాప్టిస్టులు, బేలర్ టెక్సాస్ బాప్టిస్టులది. బేలర్ క్యాంపస్‌లో డాన్సుకి అనుమతి వచ్చింది 1996లో! అంతకుముందు నూటయాభై ఏళ్లు ఆ ముచ్చటే లేదు. ఇప్పుడంత కట్టుదిట్టం లేదు కానీ, పక్కనున్న ప్రభుత్వ యూనివర్సిటీలతో పోలిస్తే నియమాలు కాస్త ఎక్కువే.

1. గది దరఖాస్తు: త్వరపడండి

సీటు ఖాయం చేసుకున్న వెంటనే హౌసింగ్ దరఖాస్తు నింపండి. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు దాదాపు అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కలిసి ఉంటారు కాబట్టి వాళ్లకి ఈ భాగంతో పెద్దగా పని లేదు.

దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. కొన్ని హాళ్లలో, అంటే హాస్టల్ భవనాల్లో, ఒకే రకం చదువు చదివేవాళ్లని ఒకచోట ఉంచుతారు. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి టీల్, సైన్సు, వైద్యం వైపు వెళ్లేవాళ్లకి ఎర్ల్ ఉన్నాయి. కొన్ని హాళ్లలో ఒక ప్రొఫెసర్ కుటుంబంతో సహా అదే భవనంలో కాపురముంటారు. ఊరు కాని ఊరిలో మొదటి సెమిస్టర్‌కి అలాంటి హాలే మేలని నా అభిప్రాయం. అర్ధరాత్రి లెక్క అర్థం కాకపోతే పక్క గదిలోనే అదే క్లాసు పిల్ల ఉంటుంది.

శాకాహారమో, ఆస్తమానో, మెట్లెక్కలేని ఇబ్బందో ఉంటే గది కేటాయించకముందే చెప్పాలి. కేటాయించాక మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

2. టీకా కాగితం మరవద్దు

టెక్సాస్ చట్టం ప్రకారం 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు బ్యాక్టీరియల్ మెనింజైటిస్ టీకా వేయించుకోవాలి. గత అయిదేళ్లలో వేయించుకున్నదై ఉండాలి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందైనా పడి ఉండాలి. చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించాం కదా అనుకోకండి, మన పిల్లల మామూలు టీకాల జాబితాలో ఇది ఉండదు. వేయించాక ఆస్పత్రి సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా పడటం మనకి మామూలే గానీ, అక్కడ అది ఇద్దరు మనుషుల కింద లెక్క.

3. టికెట్ కొనేముందు రెండు తేదీలు చూడండి

ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లు ఐ-20లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచి దేశంలోకి వెళ్లొచ్చు. కానీ హాలు తలుపులు తెరిచేది హౌసింగ్ వాళ్లిచ్చిన తేదీనే. ఆ రెంటికీ మధ్య వారం తేడా వచ్చిందంటే ఆ వారం హోటల్ ఖర్చు మీదే. ముందే దిగాల్సి వస్తే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి మెయిల్ రాసి, త్వరగా గది ఇస్తారేమో అడగండి.

సామాను విషయంలో ఒకే సలహా. ఇక్కడి నుంచి దుప్పట్లు మోయకండి. అమెరికా హాస్టళ్లలో ఎక్కువగా కనిపించే పరుపు ట్విన్ ఎక్స్‌ఎల్, 80 అంగుళాల పొడుగు. స్నేహితుడి కూతుర్ని దింపడానికి ఆగస్టులో వేకో వెళ్లాం. మాడు పగిలే ఎండ. వాళ్లమ్మ హైదరాబాద్‌లో వెతికి వెతికి కొన్న గులాబీ రంగు దుప్పటి ఒక మూల తొడిగితే ఇంకో మూల లేచిపోతోంది. చివరికి అది కిటికీ తెర అయింది.

4. మొదటి రోజు: ముందు ఫొటోలు, తర్వాత పెట్టెలు

పెట్టె విప్పకముందే గోడలు, పరుపు, ఏసీ, బాత్రూం ఫొటోలు తీసుకోండి. గది పరిస్థితి గురించి ఫారం ఇస్తే చిన్న గీతైనా సరే రాయండి. మా అక్క కొడుకు వేరే యూనివర్సిటీలో చదివినప్పుడు ఏసీ నీళ్లు కారి కార్పెట్ పాడైంది. వాడు ఎదురుపడిన వాళ్లకల్లా నోటిమాటగా చెప్పాడు. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు వాడికే వచ్చింది. ఏ తేదీన చెప్పావంటే చూపించడానికి ఏమీ లేదు.

అందుకే రిపేరు ఏదైనా ఆన్‌లైన్‌లోనే పెట్టండి. గది నంబరు, ఏ రోజు నుంచి, ఏమైంది, ఒక ఫొటో. నాలుగు ముక్కలు చాలు, కథ అక్కర్లేదు.

ప్రతి అంతస్తుకీ ఒక సీనియర్ విద్యార్థి ఉంటారు, బేలర్‌లో వాళ్లని కమ్యూనిటీ లీడర్ అంటారు. తాళం లోపల పడిపోయినా, రూమ్మేట్ రాత్రి రెండింటిదాకా లైటు ఆర్పకపోయినా ముందు వాళ్లకే చెప్పాలి. హాళ్లలో చాప్లిన్ కూడా ఉంటారు. పాస్టర్ కోర్సు చదువుతున్న కుర్రాళ్లో అమ్మాయిలో అయి ఉంటారు. మీరు ఏ మతమైనా మాట్లాడొచ్చు. మతం మార్చేస్తారేమోనని ఇంట్లో వాళ్లు టెన్షన్ పడటం చూశాను. ఇష్టం లేకపోతే మర్యాదగా వద్దంటే సరిపోతుంది.

5. నియమాలు సంతకం పెట్టకముందే చదవండి

డిగ్రీ విద్యార్థులు రెండు సెమిస్టర్లు చాపెల్ (క్రైస్తవ ప్రార్థన సభలకి హాజరు) పూర్తి చేయాలి. హిందువైనా ముస్లిమైనా ఇది తప్పదు, పట్టా రావాలంటే అదీ ఒక లెక్కే. దీన్ని చివరి ఏడాదికి వాయిదా వేసి ఉద్యోగాల వేటలో ఇరుక్కోకండి, మొదటి ఏడాదే కానిచ్చేయండి. హాళ్లలో మందు నిషేధం, 21 నిండినా సరే. అబ్బాయిల గదులకి అమ్మాయిలు, అమ్మాయిల గదులకి అబ్బాయిలు వెళ్లడానికి వేళలున్నాయి.

ఇక వంట. ఏ ఎలక్ట్రిక్ సామాను పెట్టుకోవచ్చో జాబితా ఉంటుంది, అది చూశాకే రైస్ కుక్కర్ కొనండి. ఉమ్మడి వంటగదిలో ఎండుమిర్చి పోపు వేస్తే పొగ అలారం మోగి భవనమంతా ఖాళీ చేయాల్సి రావచ్చు. ఊరగాయతో సర్దుకోవడమే సుఖం.

6. చదువు తడబడితే

ఏదైనా క్లాసు డ్రాప్ చేయాలని (మధ్యలో వదిలేయాలని) అనిపించినా వెంటనే చేయకండి. ఎఫ్-1 మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తగ్గకూడదు. తగ్గాల్సి వస్తే అంతర్జాతీయ ఆఫీసు అనుమతి ముందుగా తీసుకోవాలి. అది లేకుండా 12 కంటే తగ్గితే వీసాకే ఎసరు. వరస ఇలా ఉండాలి: మొదట ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో కలవండి, తర్వాత సక్సెస్ సెంటర్‌లో ట్యూటరింగ్, ఆ తర్వాత అడ్వైజర్, చివర్లో అంతర్జాతీయ ఆఫీసు. ఆ తర్వాతే ఆన్‌లైన్‌లో డ్రాప్ బటన్.

డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ, వినికిడి లోపం లాంటివి ఉంటే పరీక్షలో అదనపు సమయం అడిగే హక్కు ఉంది. దానికి ఓఏఎల్‌ఏ అనే ఆఫీసులో డాక్టరు రిపోర్టుతో నమోదు చేసుకోవాలి. ఇండియాలో రిపోర్టు రాయించుకుంటే ఇంగ్లీషులో, పరీక్షల వివరాలతో సహా రాయించుకోండి. ఇక్కడ మన వాళ్లు సిగ్గుపడి, మిడ్‌టర్మ్ పోయాక వెళ్తారు. జరిగిపోయిన పరీక్ష వెనక్కి రాదు.

7. మనసు బాగోలేనప్పుడు, చేతిలో డబ్బు లేనప్పుడు

క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. అక్కడ చెప్పింది ఇంటికి చేరదు, ప్రాణాపాయం ఉంటే తప్ప. నిద్ర పట్టడం లేదు, తినబుద్ధి కావడం లేదు అని చెప్పినా చాలు, పెద్ద కారణం ఉండనక్కర్లేదు. అర్ధరాత్రి భరించలేనంతగా ఉంటే మానసిక సంక్షోభ సాయానికి ఉన్న 988కి ఫోన్ చేయొచ్చు, ప్రాణం మీదికొస్తే అత్యవసర నంబరు 911కి.

నెలాఖరుకి సరుకులు అయిపోతే ద స్టోర్ అని విద్యార్థుల కోసం ఉచిత సరుకుల గది ఉంది. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. బయట షాపులో చేతికి డబ్బులిచ్చే పని జోలికి మాత్రం పోవద్దు.

తల్లిదండ్రులకో మాట. ఫీజు మీరే కట్టినా మార్కులు మీకు చెప్పరు. ఫెర్పా అనే చట్టం అది. చూడాలంటే పిల్లలే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వెళ్లేముందే ఆ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

8. మొదటి మంగళవారం

1953 నుంచి బేలర్‌లో మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకి డాక్టర్ పెప్పర్ అవర్ జరుగుతోంది. ఆ కూల్‌డ్రింక్ పుట్టింది వేకోలోనే. ఐస్‌క్రీం వేసి ఇస్తారు, డబ్బులు అక్కర్లేదు. విద్యార్థులు, ప్రొఫెసర్లు, ఆఫీసు వాళ్లు అందరూ వస్తారు. రుచి మనవాళ్లకి మొదటిసారి దగ్గు మందులా ఉంటుంది. అయినా గ్లాసు పట్టుకుని ఓ పక్కన నిలబడండి, ఏ ఆఫీసులో పనిచేస్తారని ఎవరినైనా అడగండి.