సఫ్రాన్‌బోలుకు పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తున్నారా? ఇవి చూసుకుని బయల్దేరండి

దీపావళికి అటూ ఇటూగా టర్కీ వెళ్లేవాళ్లకు నేనైతే సఫ్రాన్‌బోలు తప్పకుండా చూడమనే చెబుతాను. అక్కడ కుంకుమపువ్వు పూసేది ఆ రోజుల్లోనే, ఊరికి ఆ పేరు వచ్చిందీ దాని వల్లే. కానీ వాన, చలి మొదలయ్యేదీ అప్పుడే.

ముందు బూట్లు. చార్షి అనే పాత ఊరు లోయలో ఉంటుంది, వీధులన్నీ రాళ్లు పరిచినవి, అదీ ఏటవాలుగా, అరిగి అరిగి నున్నబడిన ఆ రాళ్ల మీద చినుకు పడిందంటే సబ్బు రాసినట్టే. మా అమ్మ మొదటి సాయంత్రమే మామూలు చెప్పులతో జారి చెయ్యి ఆనించింది, మణికట్టు వాచి రెండు రోజులు జడ వేసుకోలేకపోయింది. గ్రిప్ ఉన్న బూట్లు ఇక్కడే కొని, వారం ముందు నుంచీ వేయించి అలవాటు చేయండి. చక్రాల సూట్‌కేసు ఆ దారుల్లో లాగలేరు, భుజాన తగిలించుకునే సంచులే నయం. బస్సు దిగేది పైనున్న కొత్త ఊళ్లో, అక్కడి నుంచి డోల్ముష్ అనే షేర్ వ్యానో ట్యాక్సీయో పట్టుకుని కిందికి రావాలి. ఇస్తాంబుల్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు కాబట్టి పొద్దున్నే బయల్దేరి వెలుతురుండగానే చేరండి.

బస ఇంకా ముఖ్యం. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ఊరు ఇది, ఆ పాత చెక్క ఇళ్లు చాలావరకు ఇప్పుడు హోటళ్లు. ఒకప్పుడు కింద పశువులు, సామాను ఉండేవి, మనుషులు పైన ఉండేవాళ్లు, అందుకే గదులకు నిటారు చెక్క మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే బుక్ చేసేముందే ఎన్ని మెట్లో అడగండి. బాత్రూమ్ ఫొటో కూడా పంపమనండి. కొన్ని గదుల్లో గోడ బీరువా తలుపు తీస్తే లోపలే స్నానాల గది ఉంటుంది, గడప ఎత్తు, చోటు ఇరుకు, రాత్రి లేచే నాన్నలకు చాలా కష్టం. గుమ్మంలోనే బూట్లు విప్పమంటారు, నున్నటి చెక్క మీద సాక్సులు జారతాయి, అడుగున రబ్బరు చుక్కలున్నవి పట్టుకెళ్లండి. పండగ కదా అని గదిలో దీపాలు, అగరొత్తులు మాత్రం వెలిగించకండి, ఇల్లంతా ఎండిన కలప.

శాకాహారులు "ఎత్‌సిజ్" అనే మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని. పప్పు సూప్‌లోనూ మాంసం ఉడికించిన నీళ్లు పోసి ఉండొచ్చు, అడిగి తాగండి. చీజ్ పెట్టి కాల్చే గోజ్‌లెమె అనే పల్చటి రొట్టె మా పిల్లలకు రోజూ కడుపు నింపింది.

పిల్లల్ని పూలతోటకు తీసుకెళ్తే ఒక్క మాట. కుంకుమపువ్వులాగే ఊదారంగులో, శరదృతువులోనే పూసే కోల్చికమ్ అనే విషపు మొక్క టర్కీలో ఉంది. నిజమైనదానికి మధ్యలో మూడు పసుపు కేసరాలు, పొడవాటి ఎర్ర పోగులు మూడు ఉంటాయి. విషపుదానికి కేసరాలు ఆరు. దారి పక్కన పూసినవేవీ కోయనివ్వకండి, నోట్లో అసలే పెట్టనివ్వకండి, పొరపాటున పెడితే వాంతులయ్యేదాకా చూడకుండా వెంటనే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి.