2000లో జాఫ్నా కోసం జరిగిన పోరును మ్యాపు మీద చదవడం ఎలా

బడిలో సోషల్ చెప్పే నాకు, యుద్ధం అనగానే నాయకుల పేర్లు, మృతుల లెక్కలు వల్లె వేయించడం అసలు నచ్చదు. ఒక నగరం ఎందుకు చేజారింది, ఎందుకు నిలబడింది అన్నది దారులూ నీళ్లూ చెబుతాయి. శ్రీలంక సైన్యం చేతిలో ఉన్న జాఫ్నా నగరం కోసం ఎల్‌టీటీఈ (తమిళ పులులు) చేసిన దాడిని పిల్లలతో ఇలా గీయించండి. ఉత్తర శ్రీలంక మ్యాపు, రంగు పెన్సిళ్లు ఉంటే చాలు.

ముందు ఎర్ర పెన్సిల్‌తో ఏ9 రోడ్డు గీయండి. కాండీ నుంచి వవునియా, కిలినొచ్చి మీదుగా జాఫ్నా దాకా. ఈ దారి జాఫ్నా ద్వీపకల్పంలోకి అడుగుపెట్టే ఇరుకు చోటే ఎలిఫెంట్ పాస్, సైన్యానికి పెద్ద స్థావరం. 1991లో పులులు దాన్ని చుట్టుముడితే, సైన్యం సముద్రం మీదుగా బలగాలను దింపి కాపాడుకుంది.

ఇప్పుడు నీలం పెన్సిల్. ఇక్కడ తొందరపడొద్దు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఎలిఫెంట్ పాస్ చుట్టూ ఉన్నది ఉప్పునీళ్లే. తాగేనీళ్లు కాస్త ఉత్తరాన ఉన్న ఇయక్కచ్చి బావుల నుంచి రావాలి. 2000 మార్చి చివర పులులు తూర్పు తీరాన కుడారప్పు దగ్గర పడవల్లో దిగి, స్థావరం వెనక ఏ9 మీదికి చేరుకున్నారు. ఆ తర్వాత ఇయక్కచ్చి కూడా పోయింది. ఏప్రిల్ ఎండల్లో వేలమంది జవాన్లకు గుక్కెడు నీళ్లు లేనప్పుడు ఫిరంగులు ఎన్ని ఉంటే ఏం లాభం? ఏప్రిల్ 22న ఎలిఫెంట్ పాస్ పడిపోయింది. కుడారప్పు నుంచి ఏ9 దాకా ఒక బాణం గీసి, బావుల చోట సున్నా చుట్టండి. పిల్లలకు వెంటనే వెలుగుతుంది.

మేలో పులులు చావకచ్చేరి దాటి నగరం అంచుదాకా వచ్చారు. అయినా జాఫ్నా పడలేదు. ఎందుకో తెలియాలంటే నల్ల పెన్సిల్‌తో పలాలి విమానాశ్రయం, కంకేశంతురై రేవు గుర్తించండి. రెండూ సైన్యం చేతిలోనే ఉన్నాయి. వాటి మీదుగా కొత్త ఆయుధాలు, ముఖ్యంగా ఒకేసారి పదుల రాకెట్లు వదిలే లాంచర్లు, అందాయి. సెప్టెంబరులో సైన్యం చావకచ్చేరిని తిరిగి పట్టుకుంది. అప్పటికే ఆ పట్టణం చాలావరకు శిథిలం.

ఆఖరున చావకచ్చేరి చుట్టూ ఉన్న తెన్మరాచ్చి ప్రాంతమంతా పెన్సిల్‌తో నింపించండి. ఇళ్లు వదిలి జనం పరుగెత్తింది ఇక్కడి నుంచే. ఈ పని మాత్రం హోంవర్కుకు వదలొద్దు, తరగతిలోనే చేయించండి.