1000 గజాల దగ్గర గాలి మన బుల్లెట్‌ని ఎంత పక్కకి జరుపుతుందో లెక్కేసుకోవడం ఎలా

షూటింగ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కొట్టిన కాంస్యం, కానీ అది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, హాల్ లోపల ఆడేది, అక్కడ గాలి గొడవే ఉండదు. ఇంగ్లండ్‌లో బిస్లీ, అమెరికాలో క్యాంప్ పెర్రీ లాంటి చోట్ల 1000 గజాలు కొట్టేవాళ్ళకి మాత్రం సగం ఆట గాలితోనే. అక్కడ ఉండి కొత్తగా లాంగ్ రేంజ్ మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. గాలి పక్క నుంచి తోస్తుంది కాబట్టి బుల్లెట్ ఎంతసేపు గాల్లో ఉంటే అంత జరుగుతుంది అనుకుంటారు చాలామంది, అలా కాదు. బ్యారెల్ దాటగానే బుల్లెట్ తనకి ఎదురొచ్చే గాలి వైపు ముక్కు కొద్దిగా తిప్పుకుంటుంది, ఇక అక్కణ్ణుంచి డ్రాగ్, అంటే గాలి నిరోధం, దాన్ని వెనక్కి లాగుతూ లాగుతూ కొంచెం పక్కకి కూడా లాగేస్తుంది. అంటే చూడాల్సింది గాల్లో ఉన్న టైమ్ కాదు, డ్రాగ్ వల్ల ఎంత ఆలస్యమైంది అనేది.

లెక్క చాలా సింపుల్. .308 క్యాలిబర్‌లో సియెర్రా కంపెనీ మ్యాచ్‌కింగ్ బుల్లెట్, 175 గ్రెయిన్‌ది (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) తీసుకోండి, బయల్దేరేటప్పుడు స్పీడ్ సెకనుకి 2600 అడుగులు అనుకుందాం. 1000 గజాలంటే 3000 అడుగులు, స్పీడ్ అస్సలు తగ్గకపోతే 1.15 సెకన్లలో చేరిపోవాలి, నిజానికి 1.7 దాకా పడుతుంది. ఆలస్యం 0.55 సెకన్లు. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి అంటే సెకనుకి 14.7 అడుగులు, దాన్ని 0.55తో గుణిస్తే 8 అడుగులు. అంటే గాలి స్పీడ్‌లో ఒక్కో మైలుకి దాదాపు 10 అంగుళాలు! ఎఫ్-క్లాస్ (రైఫిల్‌ని ఆసరా మీద పెట్టి పడుకుని కొట్టే లాంగ్ రేంజ్ పోటీ) టార్గెట్‌లో 10 పాయింట్ల రింగ్ మొత్తం వెడల్పే 10 అంగుళాలు, మధ్య నుంచి అంచుకి 5, కాబట్టి గాలిని ఒక్క మైలు తప్పుగా చదివినా 10 పోయినట్టే.

నమ్మకం కుదరకపోతే .22 చిన్న రైఫిల్ చూడండి. 50 మీటర్ల పోటీల్లో శబ్దం కంటే తక్కువ స్పీడున్న మ్యాచ్ తూటాలే వాడతారు. హై వెలాసిటీవి ముందే చేరతాయి, అయినా గాలికి ఎక్కువ కొట్టుకుపోతాయి, ఎందుకంటే శబ్దవేగం చుట్టుపక్కల డ్రాగ్ ఒక్కసారిగా పెరిగి స్పీడంతా తినేస్తుంది.

అందుకే బుల్లెట్ కొనేటప్పుడు స్పీడ్ ఒక్కటే చూడకండి, బాలిస్టిక్ కోఎఫిషెంట్ (గాలిని ఎంత బాగా చీల్చుకుని పోతుందో చెప్పే నంబర్) చూడండి, అది ఎంత ఎక్కువైతే ఆలస్యం అంత తక్కువ. డబ్బా మీద పెద్దగా వేసేది మామూలుగా జీ1 నంబర్, అది పాతకాలం పొట్టి, చదును అడుగు బుల్లెట్‌తో పోల్చింది. మన పొడుగాటి బోట్ టెయిల్ (వెనక వైపు సన్నబడే) వాటికి జీ7 అనే ఇంకో కొలత సరిగ్గా సరిపోతుంది. ఇదే 175కి జీ1 0.5 దగ్గర ఉంటే జీ7 0.24 దగ్గర ఉంటుంది, చిన్నగా ఉందని కంగారుపడొద్దు, బుల్లెట్ లెక్కలు వేసే బాలిస్టిక్ యాప్‌లో మాత్రం ఏ నంబర్‌కి ఆ మోడలే సెలెక్ట్ చేయండి, ఇక్కడ తేడా వస్తే మిగతాదంతా వేస్ట్.

ఇంకోటి, టార్గెట్ చేరేసరికి ఎంత స్పీడ్ మిగులుతుందో కూడా చూసుకోవాలి. 168 గ్రెయిన్ మ్యాచ్‌కింగ్ 300 మీటర్ల పోటీల కోసం పుట్టిన బుల్లెట్, అక్కడ అద్భుతం, కానీ తోక వాలు 13 డిగ్రీలు, శబ్దవేగం దగ్గరికి రాగానే ఊగిపోయి 1000 గజాల పేపర్ మీద అడ్డంగా తగిలిన చిల్లులు పెడుతుంది. 175 స్పీడ్ కూడా అక్కడికి సెకనుకి 1200 అడుగుల దాకా పడిపోతుంది గానీ వాలు 9 డిగ్రీలే కాబట్టి తట్టుకుంటుంది.

స్పిన్ వల్ల కూడా కొంచెం జరుగుడు ఉంటుంది, కుడి ట్విస్ట్ (బుల్లెట్‌ని కుడికి తిప్పే గాడులున్న) బ్యారెల్ అయితే 1000 దగ్గర ఎనిమిది, పది అంగుళాలు కుడికి. అది ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, ఒకసారి యాప్‌లో పెట్టేస్తే అయిపోతుంది.

గాలి అలా కాదు, ప్రతి షాట్‌కీ చదవాల్సిందే. జెండాలతో పాటు మిరాజ్ (నేల మీద వేడికి గాలి అలలు అలలుగా కనిపించడం) చూడటం నేర్చుకోండి, స్పాటింగ్ స్కోప్ ఫోకస్ టార్గెట్ కంటే కాస్త ఇవతలికి తెచ్చుకుంటే వేడిగాలి పారుతున్నట్టు కనిపిస్తుంది, ఎటు పారితే గాలి అటు. అది పక్కకి కాకుండా నిలువుగా పైకి లేస్తుంటే అడ్డగాలి ఆగిందన్నమాట, చాలాసార్లు దిక్కు మారబోయే ముందు ఇలాగే అవుతుంది, టైమ్ ఉంటే అప్పుడు ట్రిగ్గర్ నొక్కకండి, మళ్ళీ ఏదో ఒక వైపుకి పారడం మొదలయ్యేదాకా ఆగండి.