తక్కువ ఖర్చు స్టీరియో: సౌండ్ బాగా లేకపోతే ఏం చూడాలి?

ఇష్టపడి కొన్న యాంప్ (సౌండ్‌ను పెంచి స్పీకర్లకు పంపే పెట్టె), స్పీకర్లు బిగించి పాట పెట్టగానే అనుకున్నట్టు రాకపోతే మనసు చివుక్కుమంటుంది. ఇంకాస్త డబ్బు పెట్టి ఉండాల్సిందేమో అనిపిస్తుంది. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు సామానుది కాదు, వైరుదో పెట్టిన చోటుదో అయి ఉంటుంది. అందుకే పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగే వాటితో మొదలుపెడుతున్నాను.

సమస్య: బేస్ (లోతైన, బరువైన సౌండ్) లేదు, పాడేవాళ్ల గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు

కారణం: ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. రెండు స్పీకర్లలోని ఊఫర్లూ (బేస్ ఇచ్చే పెద్ద గుండ్రటి భాగాలు) ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కి కదలాలి. వైరు తిరగబడితే ఒకటి గాలిని తోసేటప్పుడు రెండోది లాగుతుంది. రెండింటి బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

ఇది నాకే జరిగింది. వారం రోజులు బేస్ నాబ్ చివరిదాకా తిప్పి విన్నాను, అయినా పాట పలచగానే ఉంది. ఒక సాయంత్రం టార్చి వేసి స్పీకర్ బాక్సు వెనక్కి వంగి చూస్తే అసలు సంగతి తెలిసింది. వైరు మీద సన్నటి తెల్ల గీత ఉంటుంది కదా, ఆ గీత ఉన్న తీగ యాంప్ దగ్గర ఎర్ర టెర్మినల్‌లో (తీగ బిగించే చోట) ఉంది, స్పీకర్ దగ్గర నల్లదానిలో ఉంది. మార్చి బిగించగానే గొంతు రెండు బాక్సుల మధ్యకు వచ్చి నిలబడింది. ఆ క్షణం ఇప్పటికీ గుర్తే.

పరిష్కారం: యాంప్ ఆపేసి గీత ఉన్న తీగ రెండు చివర్లా ఒకే రంగు టెర్మినల్‌లో ఉందో లేదో చూడండి. గీత కనబడకపోతే రెండు స్పీకర్లనూ ఎదురెదురుగా దగ్గరగా పెట్టి బేస్ ఉన్న పాట వినండి. తర్వాత యాంప్ ఆపి ఒక స్పీకర్ తీగలు మాత్రం మార్చి మళ్లీ వినండి. బేస్ ఎక్కువ వచ్చిన పద్ధతే సరైనది. బిగించేటప్పుడు ఒక్క సన్న పోగు కూడా పక్క టెర్మినల్‌కు తగలకూడదు, యాంప్ కాలిపోవచ్చు.

సమస్య: బేస్ మరీ ఎక్కువై గుమ్మని మోగుతోంది, మాటలు మునిగిపోతున్నాయి

కారణం: బాక్సులు మూలల్లో ఉన్నాయి, లేదా మీ కుర్చీ గోడకు ఆనుకుని ఉంది. గోడలూ మూలలూ బేస్‌ను పెంచుతాయి. దానికి తోడు ప్రతి గదిలో మిగతావాటికంటే గట్టిగా మోగే లోతైన స్వరాలు కొన్ని ఉంటాయి. 4 మీటర్ల పొడవున్న గదిలో దాదాపు 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు) దగ్గర అలాంటిది ఒకటి వస్తుంది. అది గోడల దగ్గర బాగా ఎక్కువగా, గది మధ్యలో బాగా తక్కువగా వినిపిస్తుంది.

పరిష్కారం: బాక్సులను మూలల నుంచి జరిపి, వెనక గోడకు 30 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టి వినండి. కుర్చీని కూడా గోడ నుంచి ముందుకు లాగండి. రెండు బాక్సుల మధ్య ఎంత దూరం ఉందో, మీకూ ఒక్కో బాక్సుకూ మధ్య దాదాపు అంతే ఉండాలి. ట్వీటర్ (సన్నటి సౌండ్ ఇచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి. ఒక్కోసారి పది సెంటీమీటర్లు జరిపినా తేడా తెలుస్తుంది. కొత్త సామాను కొనే ముందు ఒక ఆదివారమంతా దీనికే కేటాయించండి, నిజంగా విలువైన పని ఇది. చోటు లేక గోడకు ఆనించక తప్పని వాళ్లు, బాక్సు వెనక గాలి రంధ్రం ఉంటే అందులో మెత్తటి గుడ్డ దూర్చి చూడొచ్చు.

సమస్య: సౌండ్ చెవుల్లో గుచ్చుకుంటోంది

గదిలో చప్పట్లు కొట్టండి. ఖంగుమని తిరిగి వినిపిస్తే కారణం ఉత్త గోడలూ ఉత్త నేలే. తివాచీ, మందపాటి పరదాలు, పుస్తకాలతో నిండిన అల్మరా చాలావరకు సరిచేస్తాయి.

సమస్య: పాట లేకున్నా గుయ్ మనే మోత

యాంప్ వెనక ఇన్‌పుట్ వైర్లను ఒక్కొక్కటే తీయండి (తీసేముందు వాల్యూమ్ సున్నాకు తగ్గించండి). ఏది తీస్తే మోత ఆగిందో, తప్పు ఆ దారిలోనే ఉంది. ఎక్కువగా కంప్యూటర్, కేబుల్ టీవీ పెట్టె లాంటివి యాంప్‌తో వేరే దారిలో ఎర్త్ కలిసి ఇలా అవుతుంది. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ ఇన్‌పుట్ వైరు మధ్యలో ఐసొలేటర్ (పాటను మాత్రం పంపి, ఎర్త్ కలవకుండా విడదీసే చిన్న పరికరం) పెట్టాలి. దయచేసి ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, ప్రాణాల మీదకు వస్తుంది.

సమస్య: ఒక వైపు మోగడం లేదు

యాంప్ ఆపి, స్పీకర్ తీగలను యాంప్ దగ్గర ఎడమవి కుడికి, కుడివి ఎడమకు మార్చండి. మళ్లీ అదే బాక్సు మూగగా ఉంటే తప్పు ఆ బాక్సుదో దాని వైరుదో. రెండో బాక్సు మూగబోతే తప్పు యాంప్‌లోనో, దాని కంటే ముందో ఉంది. పాత యాంప్‌లో నాబ్ తిప్పితే గరగరమంటుంటే కరెంటు తీసేసి కాంటాక్ట్ క్లీనర్ (లోపలి మురికి పోగొట్టే స్ప్రే) కొట్టి, ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి.

సమస్య: వాల్యూమ్ పెంచితే సౌండ్ చీలిపోతోంది

కారణం: యాంప్ తన శక్తికి మించి పనిచేస్తోంది. వెంటనే తగ్గించండి, ఇలా వింటే ముందుగా పోయేవి ట్వీటర్లే. ఫోన్‌లో ఈక్వలైజర్ (బేస్ లాంటివి పెంచే, తగ్గించే సెట్టింగ్) పెంచి ఉంటే తీసేయండి. ఇక కొనక తప్పకపోతే వాట్లు చూసే ముందు స్పీకర్ సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్‌లో చెప్పే సంఖ్య) చూడండి. 87 డెసిబెల్ స్పీకర్ 60 వాట్లతో ఇచ్చే సౌండ్‌ను 90 డెసిబెల్ స్పీకర్ 30 వాట్లతోనే ఇస్తుంది.

బడ్జెట్‌లో పెద్ద వాటా స్పీకర్లకే ఇవ్వండి. మామూలు గదిలో నాలుగైదు మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు, ఖరీదైన వైర్ల జోలికి పోనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ స్పీకర్లు మంచి దారి. కొనే ముందు ఊఫర్ చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. రబ్బరు అయితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫోమ్ అయితే పాతబడి పొడిపొడిగా రాలుతుంది. కోన్ (ఊఫర్ మధ్యలో కదిలే భాగం) బాగుండి అంచు ఒక్కటే పోతే కొత్తది అంటించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు కలుపుకునే బేరమాడండి.